రంజాన్ తేదీ ఏటా ఎందుకు మారుతుంది?

ప్రశ్న: మా పక్కింటివాళ్లు ముస్లింలు. రంజాన్ ఒక్కో ఏడాది ఒక్కో నెలలో వస్తుందేం? పండగకి వాళ్లింటికి వెళ్లొచ్చా?

జవాబు: వాళ్ల క్యాలెండర్ పూర్తిగా చంద్రుణ్ణి బట్టే నడుస్తుంది, ఏడాదికి 354 లేదా 355 రోజులే, తెలుగు పంచాంగంలోలా అధికమాసం కలపరు కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుగానే వచ్చేస్తూ 2030లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి రంజాన్ నెల మొదలవుతుంది. ఆ నెలంతా తెల్లవారుజామున సహరీ, అంటే ఉపవాసానికి ముందు భోజనం, తిన్నాక పొద్దుగూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు, ఎండాకాలంలో ఎంత కష్టమో ఆలోచించండి! పండగ నమాజుకు ముందే పేదలకు ఫిత్రా అనే దానం ఇచ్చేస్తారు, ఆపూట ఎవరూ పస్తుండకూడదని. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. నిశ్చింతగా వెళ్లి ఈద్ ముబారక్ చెప్పండి. పాలల్లో సేమ్యా, ఖర్జూరం, నేతిలో వేయించిన బాదం వేసి మరిగించిన షీర్ ఖుర్మా తినకుండా మిమ్మల్ని కదలనివ్వరు.