వాతావరణ ఉపగ్రహాల డేటా మీద ఇంటర్న్‌షిప్: ఫిజిక్స్ రాకపోయినా వెళ్ళొచ్చా?

తప్పకుండా వెళ్ళండి. సీఎస్‌ఈ మూడో సంవత్సరం అన్నారు, వాతావరణ ఉపగ్రహాల డేటా కేంద్రంలో ఇంటర్న్‌షిప్ వచ్చిందన్నారు. ఫిజిక్స్ ఇంటర్‌తోనే వదిలేశాను, స్నేహితులంతా వెబ్, ఏఐ అంటుంటే నేను వేరే దారిలో పోతున్నానా అని మీ టెన్షన్. నేను ఆఖరి సెమిస్టర్‌లో ఇలాంటి కేంద్రంలోనే పనిచేశాను. వర్షం ఎప్పుడు పడుతుందో లెక్కగట్టమని అక్కడ నన్నెవరూ అడగలేదు. ఉపగ్రహం పంపిన ఫైలు వేళకు, చెడిపోకుండా వాతావరణ శాస్త్రవేత్తల దగ్గరికి చేరేలా చూడటమే మా పని. అది పూర్తిగా సాఫ్ట్‌వేర్ పని.

ఫిజిక్స్ కావాల్సింది కొంచెమే, అది అక్కడే వస్తుంది. మన ఇన్‌శాట్-3డీఆర్ (2016), ఇన్‌శాట్-3డీఎస్ (2024) భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, మనకు కదలనట్టే ఉంటాయి. వాటిలోని ఇమేజర్, అంటే చిత్రాలు తీసే కెమెరా, ఆరు చానళ్ళలో (ఆరు వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో) భూమిని చూస్తుంది. ఒక పూర్తి చిత్రానికి దాదాపు అరగంట. రెండు ఉపగ్రహాల వేళలను వంతులుగా సర్దితే పావుగంటకో చిత్రం అందుతుంది. అంటే ఒక ఫైలు దగ్గర మీ ప్రోగ్రాం ఆగిపోతే, మీరు కారణం వెతుకుతుండగానే తర్వాతిది వచ్చి కూర్చుంటుంది. కాలేజీ ప్రాజెక్టులో ఈ ఒత్తిడి ఉండదు. నాకు ఆ పని మీద ఇష్టం పుట్టింది కూడా దీనివల్లే.

ఫైలు రాకపోతే భయం లేదు, అందరికీ తెలిసిపోతుంది. పేరూ సైజూ సరిగ్గానే ఉండి, లోపల కొన్ని వరుసలు ఖాళీగా ఉన్న ఫైలే ప్రమాదం. దాన్ని పట్టుకునే తనిఖీలు రాయడమే నాకిచ్చిన పని. విజిబుల్ చానల్‌లో, అంటే మన కంటికి కనిపించే వెలుగును చూసే చానల్‌లో, వెలుగు తగ్గితే హెచ్చరిక పంపుదాం అని ఎవరికైనా తోస్తుంది. కానీ ఆ చానల్ రోజూ సూర్యాస్తమయం తర్వాత నల్లబడుతుంది, అలా రాస్తే రోజూ సాయంత్రం అలారం మోగుతుంది. అందుకే భూమి, మేఘాల వేడిని చూస్తూ రాత్రీ పగలూ పనిచేసే థర్మల్ ఇన్‌ఫ్రారెడ్ చానల్‌ను పట్టుకోవాలి. ఉష్ణోగ్రతలు ఉండాల్సిన హద్దుల్లో ఉన్నాయా, ఎన్ని వరుసలు ఖాళీ, ఫైలు పేరులోని సమయం లోపలి సమయంతో కలుస్తోందా, ఇవి చూడాలి.

మార్చి నెల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తుల రోజుల్లో, అంటే మార్చి, సెప్టెంబరు నెలలకు అటూఇటూ, ఈ ఎత్తులోని ఉపగ్రహాలు అర్ధరాత్రి వేళ భూమి నీడలోకి వెళ్తాయి. మొదట్లో కొద్ది నిమిషాలే, విషువత్తు దగ్గరపడేసరికి గంట దాటుతుంది. సౌరఫలకాలకు ఎండ ఉండదు, పైగా నీడకు ముందూ వెనుకా సూర్యుడి వెలుగు నేరుగా కెమెరాలోకి పడే వీలుంటుంది. కాబట్టి ఆ వేళ కొన్ని చిత్రాలు అసలు తీయకపోవచ్చు. ఈ సంగతి తెలియని ప్రోగ్రాం అర్ధరాత్రి 'ఫైలు రాలేదు' అంటూ డ్యూటీలో ఉన్నవాళ్ళను పరుగెత్తిస్తుంది. అలా నాలుగు రాత్రులు పరుగెత్తాక ఎవరూ ఆ అలారాన్ని నమ్మరు, అసలు తుపాను రోజున అది మోగినా పట్టించుకోరు. మా దగ్గర ఒక సీనియర్ ఆపరేటర్ గారికి ఆ నీడ వేళలు కంఠతా వచ్చు. ఆయన పక్కన కూర్చుని ఆ పట్టికను ప్రోగ్రాంలోకి ఎక్కించాను. నా ఇంటర్న్‌షిప్ మొత్తంలో నిజంగా ఉపయోగపడిన పని అదే అనుకుంటాను. మీరూ వెళ్ళిన మొదటి వారంలోనే అలాంటి మనిషి ఎవరో కనుక్కోండి. ఆయన బుర్రలో ఉన్నది ఏ డాక్యుమెంటులోనూ దొరకదు.

ఇంకో రెండు విషయాలు ముందే తెలిస్తే మంచిది. అక్కడ అన్నీ యూటీసీలోనే, అంటే మన సమయానికి ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయంలోనే. మన తెల్లవారుజాము 2 గంటల చిత్రం ముందు రోజు 20:30 పేరుతో ఉంటుంది, ఫోల్డర్ తేదీ కూడా ముందు రోజుదే. రెండోది, ఫైలు పూర్తిగా రాయకముందే ఇంకో ప్రోగ్రాం దాన్ని తెరిచేయడం. తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అదే డిస్క్ మీద అసలు పేరుకు మార్చితే ఆ గొడవ ఉండదు.

వెళ్ళేలోపు ఒక పని చేయండి. అహ్మదాబాద్‌లోని ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ నడిపే మోస్‌డాక్ సైటులో పేరు నమోదు చేసుకుని, 2023 డిసెంబరు 4, 5 తేదీల ఇన్‌శాట్-3డీఆర్ ఫైళ్ళు తెచ్చుకోండి. మిగ్‌జాం తుపాను మన తీరం మీదికి వచ్చి, 5న బాపట్ల దగ్గర తీరం దాటిన రోజులవి. అవి హెచ్‌డీఎఫ్5 (పెద్ద అంకెల పట్టికలను దాచే ఫైలు రకం) ఫైళ్ళు, పైథాన్‌లో హెచ్5పై అనే లైబ్రరీతో తెరుచుకుంటాయి. లోపల ఉండేవి నేరుగా ఉష్ణోగ్రతలు కావు, 0 నుంచి 1023 వరకు ఉండే అంకెలు. వాటిని కెల్విన్‌లోకి (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చే కొలత) మార్చే పట్టిక అదే ఫైలులో ఉంటుంది. మార్చి చూస్తే మేఘం లేని సముద్రం 290 కెల్విన్ దాటి, తుపాను మేఘాల పైభాగం 200 చుట్టుపక్కల కనిపిస్తాయి. ఆ రోజుల్లో మన కోస్తాలో ఊళ్ళు ఖాళీ చేయించిన అధికారులు ఇలాంటి చిత్రాల మీద ఆధారపడ్డ హెచ్చరికలనే చదివారు. అది తెలిసి ఆ ఫైలు తెరిస్తే పని మీద గౌరవం పెరుగుతుంది. సాట్‌పై అనే లైబ్రరీ ఈ పనంతా చేసిపెడుతుంది కానీ మొదటిసారి చేత్తోనే చేయండి. లినక్స్ కమాండ్లు, షెల్ స్క్రిప్టులు, క్రాన్ (వేళకు ప్రోగ్రాంలను నడిపేది), గిట్ (కోడ్ మార్పులను దాచేది) వచ్చి ఉంటే చాలు.

ఇబ్బందులూ ఉన్నాయి. ప్రభుత్వ కేంద్రాల్లో చాలాచోట్ల స్టైపెండ్ ఉండదు, ముందే అడగండి. నేను చేసిన చోట ఫోన్, పెన్‌డ్రైవ్ లోపలికి రానివ్వరు, పని చేసే కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు. రాసిన కోడ్ బయట పెట్టడానికి వీల్లేదు, కాబట్టి రిపోర్టులో ఏం రాయొచ్చో మీ గైడ్ దగ్గర మొదట్లోనే రాతపూర్వకంగా తీసుకోండి. ఉద్యోగానికి పనికొస్తుందా అంటే, నా ఇంటర్వ్యూల్లో ఎక్కువసేపు మాట్లాడింది ఆ అలారాల గురించే. ఆగకుండా వచ్చే డేటాను నమ్మకంగా నడపడం బ్యాంకులకైనా, షాపింగ్ కంపెనీలకైనా కావాలి.

మీకు ఇచ్చింది గ్రౌండ్ స్టేషన్‌లో సిగ్నల్ అందుకునే వైపా, ఆ తర్వాతి ప్రాసెసింగ్ వైపా అన్నది రాయండి. దాన్నిబట్టి ముందు ఏం చదవాలో చెప్తాను.