పదేళ్ల పిల్లాడికి ఫ్రాంకెన్‌స్టైన్, డ్రాక్యులా గ్రాఫిక్ నావెల్స్ ఇవ్వొచ్చా?

మీవాడు ఐదో తరగతి, ఈ బొమ్మల కథల పుస్తకాలు కావాలని పట్టుబట్టాడు, రాత్రిళ్లు భయపడతాడేమోనని మీ టెన్షన్. ఇవ్వొచ్చండీ, డ్రాక్యులాకి మాత్రం కొన్నేళ్లు ఆగాలి. కాకపోతే ఏ కథ ముందు, ఏ ఎడిషన్ అన్నది చూసుకోవాలి. నేనొక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటాను. మా అరల్లో అన్నిటికంటే ముందు అట్టలు ఊడేవి ఇవే.

మొదట నేను చేతికిచ్చేది స్లీపీ హాలో కథ. 1820లో వాషింగ్టన్ ఇర్వింగ్ వేసింది. తల లేని గుర్రపు రౌతు వెంటపడి తన తలనే విసిరేస్తాడు. తెల్లారి చూస్తే అక్కడ పగిలిన గుమ్మడికాయ! భయం వెనకాలే నవ్వొస్తుంది.

ఎడ్గార్ ఆలన్ పో కథలకి ఇంకో ఏడాది ఆగినా నష్టం లేదు. మనిషిని చంపి నేలపలకల కింద దాచినవాడికి ఆ గుండె చప్పుడు వినిపిస్తూనే ఉండే కథ మా దగ్గర ఆరో తరగతి వాళ్లు ఎగబడి తీసుకెళ్తారు. ఒకడు కుడిపక్క పేజీకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఎడమపక్కది చదువుతున్నాడు. ఎందుకురా అంటే, "బొమ్మ ముందే కనపడిపోతోంది మేడం" అన్నాడు. మామూలు పుస్తకంలో పిల్లాడు ఊహించుకున్నంతే భయం. ఇక్కడ ఆర్టిస్టు ఎంత గీస్తే అంత. అందుకే కొనేముందు హత్య జరిగే పేజీ తీసి చూడండి. నెత్తురు కుమ్మరించినవాడికంటే చప్పుడు అక్షరాలని పెంచుకుంటూ పోయినవాడి పుస్తకం నయం.

ఫ్రాంకెన్‌స్టైన్ దగ్గర మాత్రం ఎడిషన్ చాలా ముఖ్యం. 1816లో జెనీవా సరస్సు ఒడ్డున మేరీ షెల్లీ ఇది మొదలుపెట్టేనాటికి ఆమెకి 18 ఏళ్లు. 1818లో అచ్చయింది. ఫ్రాంకెన్‌స్టైన్ అనే ఆయన తయారుచేసి ప్రాణం పోసిన జీవికి చాలా కామిక్స్‌లో కనిపించే చదును తల, మెడకి బోల్టులు 1931 సినిమావి. నవలలో ఆ జీవికి నిగనిగలాడే నల్ల జుట్టు, తెల్లటి పళ్లు, పసుపు పచ్చటి చర్మం, ఎనిమిదడుగుల ఎత్తు. పైగా అది మాట్లాడుతుంది. గోడ సందులోంచి ఒక కుటుంబాన్ని చూస్తూ భాష నేర్చుకుంటుంది, ఇంగ్లీషు కవి మిల్టన్‌ని చదువుతుంది. దాన్ని చూడలేడు కాబట్టి గుడ్డి తాతొక్కడే మర్యాదగా మాట్లాడతాడు. ఆ సన్నివేశం ఉందో లేదో చూడండి. మూలుగులు తప్ప మాటల్లేని ఎడిషన్ అయితే అక్కడే పెట్టేయండి. ఏడో తరగతి అమ్మాయి ఒకతి పుస్తకం తిరిగిస్తూ, "తయారుచేసింది ఆయనే కదా మేడం, మరి చూసి పారిపోయాడేంటి?" అని నిలదీసింది. బోల్టుల కామిక్ చదివినవాళ్లెవరూ నన్ను అలా అడగలేదు. ఢిల్లీకి చెందిన క్యాంప్‌ఫైర్ వాళ్లు ఈ క్లాసిక్స్‌ని గ్రాఫిక్ నావెల్స్‌గా వేస్తారు, వాళ్లదీ తిరగేసి చూడండి.

పెద్దవాళ్ల భయం కొత్తదేం కాదులెండి. 1954లో అమెరికా కామిక్స్ కోడ్ (కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న నియమాలు) రక్తపిశాచాల్నీ నడిచే శవాల్నీ నిషేధించింది. 1971లో సడలిస్తూ, డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ లాంటి క్లాసిక్స్ పద్ధతిలో అయితే రక్తపిశాచాలు రావచ్చంది. మనమేమో చందమామలో శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుణ్ణి నెలనెలా చూస్తూ అన్నం తిన్నవాళ్లం!

జెకిల్, హైడ్ కథ (1886)లో ఇద్దరూ ఒకరేనన్నది చివర్లో గానీ బయటపడదు. సగం ముఖం ఒకడిది, సగం ఇంకొకడిది అట్ట మీదే వేసేస్తే ఇక చదవడానికేముంది?

డ్రాక్యులాకి తొందర లేదు. 1897 నాటి ఆ నవలంతా డైరీలు, ఉత్తరాలు. కామిక్‌లో అవి కుదించుకుపోయి కోరలూ మెడలూ మిగులుతాయి. రక్తపిశాచిగా మారిన లూసీ అనే అమ్మాయి సమాధిలో ఆమె గుండెలో మేకు దిగ్గొట్టే ఘట్టం బొమ్మల్లో పదేళ్లవాడికి ఎక్కువే. మా లైబ్రరీలో ఎనిమిదో తరగతికి ముందు ఇవ్వను. అప్పటిదాకా పై అరలోనే ఉంటుంది.