లక్షన్నర లాప్‌టాప్ ఇప్పుడే కొనకండి

ప్రశ్న: మాది గుంటూరు. పట్నంబజారులో ఇనుము, సిమెంటు, పైపుల షాపు. మావాడు సివిల్ బీటెక్ ఆఖరి సంవత్సరం. విజయవాడ వెళ్లొస్తూ మూడు నెలలు రెవిట్ (భవనాన్ని కంప్యూటర్లో త్రీడీ మోడల్‌గా గీసే సాఫ్ట్‌వేర్) నేర్చుకున్నాడు. మొన్న ఒక బిమ్ (భవనం వివరాలన్నీ కంప్యూటర్ మోడల్లో పెట్టి పనిచేసే పద్ధతి) ఆఫీసు ఇంటర్వ్యూలో "మోడల్ ఫైలు 900 ఎంబీ అయింది, తెరుచుకోవడానికే పావుగంట పడుతోంది, ఏం చేస్తావు?" అని అడిగారట. ర్యామ్ ఎక్కువున్న సిస్టమ్ కావాలన్నాడట. తీసుకోలేదు. ఇంట్లో ఉన్నది 16 జీబీ లాప్‌టాప్. ఇప్పుడు లక్షన్నర పెట్టి కొత్తది కొనమంటున్నాడు. కొనమంటారా?

జవాబు: వద్దండి, ఇప్పుడే వద్దు.

మీవాడు చెప్పింది శుద్ధ తప్పేమీ కాదు. రెవిట్ 2022కి దాన్ని తయారుచేసే ఆటోడెస్క్ ఇచ్చిన లెక్క ప్రకారం 16 జీబీ ర్యామ్ సుమారు 300 ఎంబీ ఫైలుకు, 32 జీబీ సుమారు 700 ఎంబీ ఫైలుకు సరిపోతుంది. 900 అంటే దానికీ పైనే. కానీ ఆఫీసులో సిస్టమ్ కొనేది కంపెనీ. ఆ ఫైలును అంతదాకా ఎందుకు పెరగనిచ్చారు, ఎక్కడ విడగొడితే బాగుండేది అన్నది ఈ కుర్రాడికి తడుతుందా లేదా అని వాళ్లు చూశారు.

మీ షాపు సంగతే చూడండి. సిమెంటు, ఇనుము, పైపులు అన్నీ ఒకే ఆవర్జాలో రాస్తే ఒక గుమస్తా రాస్తున్నంతసేపు మిగతావాళ్లు నిలబడి చూడాలి. అందుకే పుస్తకాలు వేరుచేస్తాం. బిమ్‌లో లింక్ అంటే ఇదే. స్ట్రక్చర్ ఫైలు ఆర్కిటెక్చర్ ఫైల్లోకి వచ్చి కలిసిపోదు. ఉన్నచోటే ఉండి ఇక్కడ కనిపిస్తుంది. అక్కడ మార్చి సేవ్ చేస్తే, ఇక్కడ రీలోడ్ కొట్టగానే కొత్తది వస్తుంది. అయితే లింక్ చేశాం కదా, బరువు తగ్గిపోయిందనుకోకూడదు. లింకులన్నీ లోడ్ చేసిపెట్టుకుంటే అవీ ర్యామ్ తింటాయి. ఈరోజు పనికి అక్కర్లేని లింకును అన్‌లోడ్ చేసుకోగలగడమే లాభం. కోచింగుల్లో ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ. వర్క్‌సెట్లు మళ్లీ వేరు. అవి ఒకే సెంట్రల్ ఫైల్లో నలుగురు తలా ఒక లోకల్ కాపీతో పనిచేయడానికి. ఈ రెండింటికీ తేడా చెప్పలేక ఇంటర్వ్యూల్లో తడబడేవాళ్లను చాలామందిని చూశాను.

ఎక్కడ విడగొట్టాలన్నదే అసలు విద్య. ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్ పనులు) వేర్వేరు ఫైళ్లన్నది అందరికీ తెలిసిందే. భవనం పెద్దదైతే అది చాలదు. అప్పుడు కింద పోడియం (టవర్ నిలబడే వెడల్పాటి కింది అంతస్తులు) ఒక ఫైలు, పైన టవర్ ఇంకో ఫైలు చేస్తారు. పొడవాటి భవనమైతే ఎక్స్‌పాన్షన్ జాయింట్ (భవనం వ్యాకోచించడానికి వదిలే సందు) దగ్గర కోస్తారు. అంతస్తుకో ఫైలు చేశారో, మెట్లు, లిఫ్ట్ షాఫ్టు, పైపులు ప్రతి స్లాబు దగ్గరా తెగిపోతాయి. పైగా ఒక ఫైల్లోని గోడ లింకులో ఉన్న గోడతో మూల కలవదు. ఏ వస్తువు ఎవరి ఫైల్లో ఉండాలో కూడా ముందే తేల్చుకోవాలి. ఒకే కాలమ్ అటు ఆర్కిటెక్ట్, ఇటు స్ట్రక్చర్ వాళ్లు ఇద్దరూ గీస్తే, లెక్క తీసేవాడు చూసుకోకపోతే కాంక్రీటు రెండింతలు వస్తుంది. ఆ చీటీ పట్టుకుని మీ షాపుకే వస్తే మీకు బేరమే గానీ, కట్టించేవాడి సంగతి?

విడగొట్టినవన్నీ మళ్లీ ఒకచోట సరిగ్గా కూర్చోవాలి. దానికి షేర్డ్ కోఆర్డినేట్స్, అంటే ఫైళ్లన్నిటికీ ఉమ్మడి స్థాన కొలతలు. ఇక్కడ కొత్తవాళ్లు బోర్లాపడతారు. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరంగా 18 లక్షల మీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. సర్వే డ్రాయింగుల్లో తరచూ అంతంత అంకెలే ఉంటాయి. వాటిని ఉన్నదున్నట్టు తెచ్చి అక్కడే భవనం గీస్తే రెవిట్ ఖచ్చితత్వం పోతుంది. రెవిట్ లోపలి మూలబిందువు (కొలతలు మొదలయ్యే సున్నా స్థానం) నుంచి గీసినదంతా సుమారు 16 కిలోమీటర్ల లోపే ఉండాలి. కాబట్టి భవనాన్ని మూలబిందువు దగ్గరే గీసి, అసలు స్థానాన్ని సైటు ఫైలు నుంచి తీసుకోవాలి.

ఇక మీవాడు చేయాల్సిన పని. మీ వీధిలోని నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఏదైనా ఒకటి తీసుకోమనండి. విద్యార్థులకు రెవిట్ ఏడాదిపాటు ఉచితం, చదువుతున్నన్నాళ్లూ రెన్యూ చేసుకోవచ్చు. ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, ప్లంబింగ్, సైటు అని నాలుగు ఫైళ్లు చేయాలి. స్ట్రక్చర్‌లోని గ్రిడ్లను (కాలమ్‌ల వరుసలు చూపే గీతలను) కాపీ/మానిటర్‌తో (కాపీ చేసి, అసలుది మారితే హెచ్చరించే సాధనం) ఆర్కిటెక్చర్‌లోకి తెచ్చుకుని, తర్వాత స్ట్రక్చర్‌లో ఒక గ్రిడ్‌ను అడుగు జరిపి, ఆర్కిటెక్చర్‌లో రీలోడ్ చేసినప్పుడు ఏ హెచ్చరిక వస్తుందో చూడాలి. ఆ అపార్ట్‌మెంట్ బ్లాకునే సైటు ఫైల్లో మూడుచోట్ల లింక్ చేస్తే, ఒక్కసారి గీసిన బ్లాకుతో మూడు బ్లాకుల సముదాయం అవుతుంది. చివరగా ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్నేహితుడి సిస్టమ్‌లో తెరవాలి. లింకులు దొరకలేదని చూపిస్తే, పాత్ (ఫైలు చిరునామా) రిలేటివ్‌గా, అంటే ఫోల్డరుతోపాటే కదిలేలా, పెట్టలేదన్నమాట. ఏ ఫైలు ఎందుకు విడగొట్టాడో ఒక పేజీలో తెలుగులోనైనా రాసుకుని, ఈసారి ఇంటర్వ్యూకి అది తీసుకెళ్లమనండి.

ఈ పనికి ఉన్న 16 జీబీ చాలు. మరీ నత్తనడక నడుస్తుంటే ర్యామ్ స్లాటు ఖాళీగా ఉందేమో చూపించి ఇంకో 16 వేయించండి. రేపు ఉద్యోగం వచ్చాక కొనాల్సే వస్తే విండోస్‌దే తీసుకోండి, మ్యాక్‌లో రెవిట్ నేరుగా నడవదు.