నాలుగేళ్ళు నిలబెట్టిన పాత లారీ స్టార్ట్ అయి ఆగిపోతోంది, పంపు విప్పించాలా?

మీ ప్రశ్న ఇది: నాలుగేళ్ళు షెడ్డులో ఉన్న పాత టాటా లారీకి కొత్త బ్యాటరీ వేస్తే స్టార్ట్ అయింది. ఇంటి దగ్గర బాగానే ఉంటోంది. రోడ్డెక్కితే మాత్రం పదిహేను నిమిషాల్లో ఆగిపోతోంది. మెకానిక్ డీజిల్ పంపు విప్పాలంటున్నాడు, విప్పించాలా?

వద్దు. కనీసం ఈ వారం వద్దు.

నేను మెకానిక్‌ని కాదు. జగ్గయ్యపేట దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. కానీ సరిగ్గా ఈ జబ్బుతోనే మా ఇంట్లో పదకొండు రోజులు ఎవరికీ అన్నం సయించలేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మాది టాటా 1210. నాన్న దాని మీదే మమ్మల్నిద్దరినీ చదివించారు. ఇంజను 697. ఆ అంకెకి అర్థం ఏమిటని అడిగితే ఇప్పటి కుర్ర మెకానిక్కుల్లో సగం మంది నోరు తెరుస్తారు. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, అంతే. టాటా 407లో ఉండే 497 కూడా అదే లెక్క, నాలుగు సిలిండర్లు. బండి పేరే బండి గురించి చెబుతుంటే వినేవాడు లేడు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నాన్న బండిని రైసుమిల్లు వెనక షెడ్డులో పెట్టి తాళం చేతులతో ఇంటికొచ్చారు. తర్వాత ఆయన మోకాళ్ళు సహకరించలేదు. బండి అక్కడే ఉండిపోయింది. 2023 సంక్రాంతికి ముందు మా తమ్ముడు దాన్ని బయటకు తీద్దామన్నాడు. పాత ఇనుముకి అమ్మేయమని ఊళ్ళో ప్రతివాడూ సలహా ఇచ్చాడు. ఒక్కడు కూడా వచ్చి చెయ్యి వెయ్యలేదు.

ముందు జాగ్రత్తలన్నీ తీసుకున్నాం, అది నాన్న చలవే. మంచం మీద నుంచే చెప్పారు, సెల్ఫ్ కొట్టేముందు ఇంజన్ని చేత్తో తిప్పి చూడమని. ఇంజను ముందున్న కప్పీకి పానా వేసి తిప్పితే రెండు చుట్లు మెత్తగా తిరిగింది, పట్టెయ్యలేదు. గేజి పుల్ల తీస్తే ఆయిల్ నల్లగానే ఉంది. తెల్లగా మజ్జిగలా ఉంటే నీళ్ళు కలిసినట్టు, అప్పుడు స్టార్ట్ చేయనే కూడదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే అందులో ఎలుక కాపురం, గోనె పీచు, వడ్లపొట్టు, ఎవరిదో బడిపిల్లల రిబ్బను ముక్క. ఇంజన్ని ఆపడానికి లాగే స్టాప్ వైరు లాగిన చోటే బిగుసుకుపోయి ఉంది. అది వదలకపోతే తెల్లవార్లూ సెల్ఫ్ కొట్టినా పంపు డీజిల్ ఇవ్వదు. వెనక చక్రాల బ్రేకు లైనర్లు డ్రమ్ములకి అతుక్కుపోయాయి, సుత్తితో డ్రమ్ము చుట్టూ కొడితే వదిలాయి. ఆ సమయంలో పక్క పొలం ఆసామి ట్రాక్టరు తెచ్చి, గొలుసు కట్టి లాగేద్దామన్నాడు. పట్టేసిన చక్రాన్ని లాగితే ఏమవుతుందో ఆయనకి తెలియదు, ఆయన బండి కాదు కదా.

ట్యాంకు అడుగు ప్లగ్గు విప్పి పాత డీజిల్ దింపేశాం. అడుగున నీళ్ళు, నాచులాంటి జిగురు. కడిగి, క్యానుతో పది లీటర్లు కొత్తది పోశాం. మెకానిక్ ఎయిర్ తీశాడు, అంటే డీజిల్ దారిలో చేరిన గాలి. ఫిల్టరు మీద స్క్రూ వదులు చేసి హ్యాండ్ ప్రైమరు, అంటే చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు, కొడుతుంటే ముందు నురుగు, తర్వాత బుడగలు, ఆ తర్వాత తేట డీజిల్. నాలుగో సెల్ఫ్‌కి అందుకుంది. షెడ్డంతా పొగ. గంటసేపు ఆపకుండా నడిచింది, ఒక్క తప్పు చప్పుడు లేదు. అమ్మ కొబ్బరికాయ కొట్టి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. తమ్ముడు బంకుకి తీసుకెళ్ళి, సంబరంలో ట్యాంకు మెడదాకా డీజిల్ కొట్టించాడు.

చిల్లకల్లు దాటకముందే ఆగిపోయింది.

డీజిల్ ఉందా లేదా అని మూత తీసి చూశారు, ఉంది. ఎయిర్ పట్టిందని మళ్ళీ ప్రైమరు కొట్టారు, స్టార్ట్ అయింది. నాలుగైదు కిలోమీటర్లు పోయి మళ్ళీ ఆగింది. మళ్ళీ మూత, మళ్ళీ ప్రైమరు, మళ్ళీ నాలుగైదు కిలోమీటర్లు. ఆ వారంలో రెండు ఫిల్టర్లు, డీజిల్ పైపు, వాషర్లన్నీ, ఆఖరికి ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న ఫీడ్ పంపు కూడా మార్చాం. 6,400 రూపాయలు. అప్పుడు మెకానిక్ తేల్చాడు: "ఖాళీగా నడుస్తోంది, రోడ్డు మీద పని పడితే ఆగుతోంది, కాబట్టి ఇంజనుకి డీజిల్ కొట్టే పెద్ద పంపే పోయింది. విజయవాడ ఆటోనగర్ పంపాలి, ఇరవై ఎనిమిది వేలు అనుకోండి." మీ మెకానిక్ మాటలు కూడా ఇంచుమించు ఇవే అయి ఉంటాయి. వినడానికి ఎంత సబబుగా ఉంటాయో నాకు తెలుసు.

పంపు విప్పే ముందురోజు నాన్న దగ్గర ఒకప్పుడు క్లీనరుగా చేసి తర్వాత ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టిన బాబాయ్ ఒకాయన చూడటానికి వచ్చాడు. బానెట్ దగ్గరికి పోనేలేదు. బీడీ ఆర్పేసి అడిగాడు.

"షెడ్డులో నడిచినప్పుడు ట్యాంకులో ఎంత ఉంది అబ్బాయ్?"

"పది లీటర్లు బాబాయ్."

"ఆగినప్పుడు?"

"ఫుల్లు."

తమ్ముణ్ణి బండి తీయమని పక్కన కూర్చున్నాడు. ఆగే దాకా మాట్లాడలేదు. ఆగాక ఎవర్నీ దిగొద్దన్నాడు. నన్ను మాత్రం పిలిచి ట్యాంకు దగ్గర చెవి పెట్టమని, మూత మెల్లగా తిప్పాడు. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. అంత చప్పుడు నేను ప్రెషర్ కుక్కరు దగ్గర కూడా వినలేదు, పైగా ఇది రివర్సులో.

మూత తిరగేశాడు. డీజిల్ తగ్గేకొద్దీ లోపలికి గాలి రావడానికి అందులో సన్నటి రంధ్రం ఉంటుంది. మాది మట్టితో పూడిపోయి ఉంది. సైకిల్ చువ్వతో పొడిస్తే ఎర్రమట్టి పలుకులు రాలాయి, వాటితోపాటు ఎండిపోయిన చిన్న సాలీడు కాళ్ళు. కందిరీగ పని. అది సన్న రంధ్రం కనబడితే చాలు, సాలీడుని తెచ్చి లోపల పెట్టి, గుడ్డు పెట్టి, మట్టితో మూసిపోతుంది. మూడేళ్ళు ఎవరూ తియ్యని మూత దానికి ఇంకేం కావాలి.

ఇక్కడ నా లెక్కల బుద్ధి ఊరుకోలేదు. మెడదాకా నింపిన ట్యాంకులో మూడు లీటర్ల గాలి మిగిలిందనుకోండి. ఇంజను లీటరు తాగేసరికి ఆ మూడు లీటర్ల గాలి నాలుగు లీటర్ల చోటంతా సాగాలి, అంటే లోపల ఒత్తిడి నాలుగోవంతు పడిపోతుంది. ఆ వెలితికి ఎదురు ఫీడ్ పంపు డీజిల్ లాగలేదు. మా బండి లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇస్తుంది. నాలుగైదు కిలోమీటర్లకి ఆగడంలో వింతేముంది? అదే షెడ్డులో ట్యాంకు దాదాపు ఖాళీ, వంద లీటర్లకి పైనే గాలి. లీటరు పోతే ఒక్క శాతం కూడా తగ్గదు, గంట కాదు పూటంతా నడుస్తుంది. ఇన్నాళ్ళూ బండిని బతికించింది ప్రైమరు కాదు, డీజిల్ చూడటానికి మూత తియ్యడం! నేను పిల్లలకి చెప్పే పాఠమే ఇది, నా బండి దగ్గర తట్టలేదు.

క్లీనరు అనే ఉద్యోగం పోవడం వల్లే ఈ గతి పట్టిందని నా నమ్మకం. పదేళ్ళు బండి పక్కన పడుకున్నవాడికి దాని ఊపిరి తెలుస్తుంది. ఇప్పుడు లాప్‌టాప్ తగిలిస్తే తప్పు చూపిస్తుందనుకునేవాళ్ళే అంతా. ఈ లారీకి లాప్‌టాప్ తగిలించడానికి చోటే లేదు.

మీరు చేయాల్సింది: బండి ఆగిన క్షణమే, ఇంకేదీ ముట్టుకోకుండా, మూత తిప్పి వినండి. చప్పుడు లేకపోతే ట్యాంకు లోపల డీజిల్ వడకట్టే జాలీకి జిగురు పట్టిందేమో చూడండి. అదీ ఇలాగే ఆపుతుంది, కాసేపు నిలబెడితే మళ్ళీ నడుస్తుంది. అదీ కాకపోతే ట్యాంకు నుంచి వచ్చే పైపులో మూరెడు పారదర్శకమైన గొట్టం పెట్టి నడపండి, ఎక్కడైనా గాలి లాగుతుంటే బుడగలు కళ్ళకే కనిపిస్తాయి. ఈ మూడూ కలిపి మూడొందలు కాదు. ఇవన్నీ అయ్యాక కూడా ఆగితే అప్పుడు పంపు సంగతి.

ఇంతకీ ఆగినప్పుడు మీ ట్యాంకులో డీజిల్ ఎంత ఉందో ప్రశ్నలో రాయలేదు. అది చెప్పండి.