డోవర్ రేవు దాటబోయే అమ్మాయికి

కాంటర్‌బరీ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పిల్లలకు బడి సెలవులు ఇచ్చిన మొదటి శనివారమే కారులో పారిస్ బయలుదేరాలనుకుంటున్నామనీ, గుంటూరు నుంచి వస్తున్న మీ అత్తమామలను కూడా వెంటబెట్టుకు వెళ్తామనీ రాశావు. ఇంగ్లండు నుంచి ఫ్రాన్స్‌కు పడవలు బయలుదేరే డోవర్ రేవులో గంటల తరబడి నిలబెడుతున్నారని ఎవరో చెబితే అల్లుడుగారు వెనకాడుతున్నారని కూడా రాశావు. ఆ రేవుకు అరగంట దూరంలో ముప్పై ఏళ్ళకు పైగా కాపురమున్నవాణ్ణి కనుక ఈ విషయంలో నా మాట కాస్త పనికి రావచ్చు. ప్రయాణం మానుకోనక్కరలేదు. ఆ శనివారం మాత్రం మానుకోండి.

ఈ ఆలస్యం ఎక్కడ పుడుతుందో తెలిస్తే దాన్ని ఎక్కడ తప్పించుకోవచ్చో నీకే తెలుస్తుంది. 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ ప్రకారం బ్రిటన్ 2020 జనవరి 31న యూరోపియన్ యూనియన్ నుంచి తప్పుకున్నది. పాత నియమాలు మాత్రం ఆ ఏడాది డిసెంబరు 31 దాకా సాగాయి. అంతకు ముందు డోవర్‌లో తనిఖీ లేదనుకోవడం పొరపాటు. తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో బ్రిటన్ ఏనాడూ చేరలేదు కనుక పాస్‌పోర్టు అప్పుడూ చూసేవారు. అయితే బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళను ముఖం చూసి పంపేసేవారు. ముద్ర లేదు, ప్రశ్న లేదు. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో భారత పాస్‌పోర్టు, వీసా చూపించి ముద్ర వేయించుకునే లోపల నా వెనకాల ఉన్న నాలుగు కార్లు పక్క వరుసలోంచి దాటిపోయేవి. 2021 నుంచి వాళ్ళందరూ యూనియన్‌కు బయటివారై, ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించి ఉండరాదనే లెక్కకు లోబడి, మన వరుసలోకే వచ్చి చేరారు. మనకు కొత్తగా వచ్చిన కష్టం పెద్దగా ఏమీ లేదు, వరుస పొడవు తప్ప.

ఆ వరుస పెరగడానికి ఇంకో కారణం స్థలం. 2003లో లె టూకే అనే ఊళ్ళో కుదిరిన ఒప్పందం ప్రకారం ఫ్రాన్స్ పోలీసులు తమ తనిఖీని డోవర్ గడ్డ మీదే చేస్తారు, బ్రిటన్ అధికారులు తమ తనిఖీని ఎదుటి ఒడ్డున ఫ్రాన్స్ రేవు కలేలో చేస్తారు. డోవర్ తూర్పు రేవు చూస్తే ఒక పక్క తెల్లని సున్నపురాతి కొండ, మరొక పక్క సముద్రం. మధ్యలో ఉన్నదే చోటు, పాస్‌పోర్టులు చూసే కిటికీలు పెంచుదామన్నా అంతంతమాత్రమే. ఒక్కో కారు దగ్గర ఒక్క నిమిషం అదనంగా పట్టిందనుకో, అదే కిటికీకి వచ్చే అరవయ్యో కారు గంట ఆలస్యంగా కదులుతుంది. రేవు నిండితే వాహనాలు ఊళ్ళోకి, ఊరు నిండితే పెద్ద రోడ్డు మీదికి కొండవీటి చాంతాడులా సాగుతాయి. లారీలను ఎం-20 రోడ్డు మీద ఒక వైపు నిలబెట్టి మిగిలిన వాహనాలను రెండో వైపు నుంచి పంపే ఏర్పాటును ఇక్కడ ఆపరేషన్ బ్రాక్ అంటారు. ఆ మాట వార్తలలో వినబడిందంటే మా కెంట్ జిల్లా వాళ్ళం ఆ రోజు కూరగాయలకు కూడా కారు తియ్యము.

2022 జూలై 22న, అంటే చాలా బడులకు సెలవులు మొదలయ్యే వేళకు, రేవులో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మరుసటి ఏడాది ఈస్టర్ సెలవులకు ముందు వారాంతంలో బస్సులలో వచ్చినవాళ్ళు కొందరు పద్నాలుగు గంటలకు పైగా ఆగిపోయారు. బస్సులో యాభై మంది ఉంటే యాభై మందీ దిగి, ఒక్కొక్కరుగా పాస్‌పోర్టు చూపించి, మళ్ళీ ఎక్కాలి. అందుకని చవకగా వస్తున్నదని టూరు బస్సు మాత్రం ఎక్కవద్దు, అందులోనూ మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో. మంగళవారమో బుధవారమో, సెలవులు మొదలైన వారం దాటాక, తెల్లవారుజామున పడవకు బయలుదేరండి. మరీ నాలుగైదు గంటల ముందు వచ్చి రేవులో కూర్చోవడం వల్ల మేలు లేదు, మీ కారు కూడా ఆ ఇరుకులో ఒక అడ్డమే అవుతుంది. వరుస వల్ల పడవ తప్పిపోతే ఏం చేస్తారో టిక్కెట్టు కొనేటప్పుడే ఆ సంస్థను అడిగి తెలుసుకో. చోటుంటే తరువాతి పడవలో ఎక్కించుకోవడం మామూలే. పడవ ప్రయాణం గంటన్నర, ఫోక్‌స్టన్ నుంచి సొరంగంలో వెళ్ళే రైలు మీద కారు ఎక్కిస్తే ముప్పై అయిదు నిమిషాలు. కానీ అక్కడ కూడా తనిఖీ ఈ ఒడ్డునే. మీ మామగారికి ఎక్కువసేపు కారులో కూర్చోవడం కష్టమనుకుంటే లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషను నుంచి రైలు మంచిది. వరుస అక్కడా ఉంటుంది గాని నెత్తిన కప్పు, పక్కన మరుగుదొడ్డి ఉంటాయి.

ఇక కాగితాలు. కారుకు అందరి పాస్‌పోర్టులు ఒకే చేతిలో ఇస్తారు కనుక ఒకరి కాగితం సరిగా లేకపోతే ఆరుగురినీ పక్కకు నిలబెడతారు. మీ ఇంట్లో చిన్నవాడికి బ్రిటిష్ పాస్‌పోర్టు, మిగిలిన అయిదుగురికీ భారత పాస్‌పోర్టులు. అంటే వాడికి వీసా అక్కరలేదు, మీ అయిదుగురికీ షెంగెన్ వీసా కావాలి. బ్రిటన్‌లో శాశ్వత నివాసం ఉన్నా సరే అది తప్పనిసరి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టవచ్చు, పదిహేను రోజుల కన్నా ఆలస్యం చేయరాదు. పెద్దవాళ్ళకు 90 యూరోలు రుసుము. ముఖ్యంగా మీ అత్తమామల వీసాలు హైదరాబాదులోనే పెట్టించు. సందర్శకులుగా ఇక్కడికి వచ్చాక ఇక్కడి నుంచి దరఖాస్తు చేస్తే సాధారణంగా తీసుకోరు.

చిన్నవాడి పాస్‌పోర్టు అయిదేళ్ళదే కనుక మీరు ఫ్రాన్స్ వదిలే రోజుకు ఇంకా మూడు నెలలైనా గడువు మిగిలి ఉందో లేదో ఈ రోజే చూడు. రెండో కారులో వస్తారన్న మీ స్నేహితులవన్నీ బ్రిటిష్ పాస్‌పోర్టులే అన్నావు కదా, వాళ్ళకు నా మాటగా ఇంకొకటి చెప్పు: గడువు తేదీ ఒక్కటి చూస్తే చాలదు, పాస్‌పోర్టు ఇచ్చిన తేదీ ప్రవేశించే రోజుకు పదేళ్ళలోపు ఉండాలి. 2018 సెప్టెంబరుకు ముందు ఇచ్చినవాటిలో పాత పాస్‌పోర్టులో మిగిలిన నెలలు, తొమ్మిది దాకా, కలిపి ఇచ్చేవారు. 2022 జూన్‌లో నా బ్రిటిష్ పాస్‌పోర్టుకు నవంబరు దాకా గడువుంది కదా అని ధీమాగా వెళ్ళాను. ఇచ్చినది 2012 మార్చి. టిక్కెట్టు కిటికీ దగ్గరే వెనక్కు పంపారు. తప్పు పూర్తిగా నాదే, నిబంధన ఏడాదిన్నరగా అమలులో ఉంది. మీ పెద్దమ్మ ఆ రోజు దారి పొడుగునా ఒక్క మాట కూడా మాట్లాడలేదు, అదే భరించలేకపోయాను.

ముద్రలకు బదులుగా వచ్చిన కొత్త కంప్యూటరు పద్ధతి 2025 అక్టోబరు 12న మొదలైంది. 2026 ఏప్రిల్ 10 నాటికి అన్ని సరిహద్దులలో అమలు కావాలని దానికి గడువు పెట్టుకున్నారు. మొదటిసారి వెళ్ళేవారి ముఖం ఫోటో, వేలిముద్రలు తీసుకుంటారు; పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వేలిముద్రలు లేవు. వీసా కోసం ఇచ్చిన వేలిముద్రలు ముందే వాళ్ళ దగ్గర ఉంటాయి కనుక మీకు ముఖ్యంగా ఫోటోతో సరిపోతుంది. దీనికి రుసుము ఏమీ లేదు, కనుక ముందుగా నమోదు చేసిపెడతామని డబ్బు అడిగే వెబ్‌సైట్లను నమ్మవద్దు. పడవ టిక్కెట్లు, హోటలు రసీదులు మాత్రం ఆరు నెలలు దాచిపెట్టు; ఎన్ని రోజులు ఉన్నారన్న దాని మీద తరువాత ఎప్పుడైనా సందేహం వస్తే అవే సాక్ష్యం.

అల్లుడుగారు కిందటేడు కొత్త పాస్‌పోర్టు తీసుకున్నారని విన్నాను. బ్రిటన్ నివాసపు కార్డులు పోయి, ఇంటర్నెట్ ఖాతాలో ఉండే ఈ-వీసాలు వచ్చాయి కనుక ఆ కొత్త పాస్‌పోర్టు నంబరును తన ఖాతాలో చేర్చారో లేదో బయలుదేరక ముందే చూసుకోమను. కలేలో తిరుగు వరుసలో నిలబడి ఫోనులో పాస్‌వర్డు వెతుక్కోవడం మంచిది కాదు.

తిండి విషయానికి వస్తే, మాంసం, పాలు, వాటితో చేసినవీ యూనియన్‌లోకి తీసుకువెళ్ళరాదు. మీ అత్తగారు గుంటూరు నుంచి తెచ్చిన నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే ఉంచండి. పులిహోర కలుపుకు వెళ్ళండి, అది రెండో రోజుకు ఇంకా రుచిగా ఉంటుంది. దద్దోజనం చేస్తే ఈ ఒడ్డున వరుసలో ఉండగానే తినేయండి. కరివేపాకు రెబ్బలు కూడా వద్దు, పచ్చి ఆకులకు వేరే ధృవపత్రం అడుగుతారు. నీళ్ళు, మందులు, పెద్దవాళ్ళకు ఒక దుప్పటి డిక్కీలో కాకుండా చేతికి అందేలా పెట్టు. వరుసలో ఉండగా దిగి డిక్కీ తీసే వీలుండదు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక రాత్రి మా ఇంట్లో ఆగండి, గదులు సిద్ధం చేయిస్తాను. పశువుల గాలికుంటు వ్యాధి భయంతో 2025 ఏప్రిల్ నుంచి యూరప్ చీజ్‌ను ఇటు తేవడం కూడా నిషేధించారు. మీ పెద్దమ్మ ఫోను చేసి పారిస్ నుంచి ఒక ముక్క తెమ్మంటుంది, దొరకలేదని చెప్పు.

మీ పెదనాన్న