పాఠకుల ప్రశ్నలు: ఫ్రెండ్స్ లిస్టు లెక్కలు

ఫేస్‌బుక్‌లో నాకు 140 మంది ఫ్రెండ్స్. ఎవరి ప్రొఫైల్ తెరిచినా నాలుగొందలు, ఆరొందలు! నాకే కలుపుగోలుతనం తక్కువా?
– ఒక పాఠకురాలు, తెనాలి

మీలో లోపమేమీ లేదండీ, లెక్కే అలా వస్తుంది. రమకు గీత, లత, సుధ స్నేహితులు. ఆ ముగ్గురికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదనుకుందాం. రమకు ముగ్గురు, మిగతావాళ్లకు ఒక్కొక్కరు. నలుగురి సగటు 1.5. ఇప్పుడు ఒక్కొక్కరి స్నేహితులకు ఎంతమంది ఉన్నారో చూడండి. గీత, లత, సుధ ముగ్గురి లిస్టులోనూ ఉన్నది రమే కాబట్టి వాళ్లకు 3 చొప్పున వస్తుంది, రమకు 1. సగటు 2.5కు ఎగబాకింది. ఎక్కువమందితో పరిచయమున్న మనిషి ఎక్కువ లిస్టుల్లో ఉంటాడు, అన్నిచోట్లా లెక్కకొస్తాడు. స్కాట్ ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1991లోనే ఈ సంగతి చూపించారు.

2011లో ఫేస్‌బుక్ పరిశోధకులు 72.1 కోట్ల ఖాతాలు పరిశీలిస్తే, 93 శాతం మంది మీలాగే తమ ఫ్రెండ్స్ సగటు కంటే వెనకబడి ఉన్నారు. అప్పటి సగటు 190. కానీ అందరినీ వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషికి 99 మందే. ఆ లెక్కన మీ 140 తక్కువేం కాదు.

నా పాత పోస్టులు కొన్ని ‘ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రెండ్స్’కు కనిపించేలా ఉన్నాయి. నాకున్నది వందమందే. చూడగలిగేది ఎంతమంది?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

వందను వందతో హెచ్చవేసి పదివేలు అనుకుంటారు. పై అధ్యయనంలో వందమంది ఫ్రెండ్స్ ఉన్నవారికి తేలినది సగటున 27,500. అదీ ఒకే మనిషి నాలుగు లిస్టుల్లో ఉన్నా ఒక్కసారే లెక్కేస్తే. మీ ఫ్రెండ్స్ లిస్టులు మీదానికంటే పెద్దవి కదా!

సెట్టింగ్స్‌లో ‘లిమిట్ పాస్ట్ పోస్ట్స్’ నొక్కితే పాతవి ఫ్రెండ్స్‌కే పరిమితమవుతాయి. మళ్లీ మనసు మారితే మాత్రం ఒక్కో పోస్టూ విడిగా మార్చుకోవాల్సిందే. ట్యాగ్ అయినవాళ్లకు, వాళ్ల ఫ్రెండ్స్‌కు అప్పటికీ కనిపించవచ్చు. పెళ్లి ఫొటోలు ఊరంతా చేరేది ఎక్కువగా ఈ దారినే. అలాంటి వాటిలో ముందు ట్యాగులు తీసేయండి.

నా ఫ్రెండ్స్‌లో ఒకరికొకరు తెలిసినవాళ్లు ఎందరో తేల్చే మార్గం ఉందా?
– ఒక విద్యార్థి, వరంగల్

ఉంది. 140 మంది ఉంటే అక్షరక్రమంలో ప్రతి ఏడో పేరూ తీసుకోండి, 20 వస్తాయి. ఒక్కో పేరు దగ్గర ఉన్న ‘మ్యూచువల్ ఫ్రెండ్స్’ సంఖ్యలు కూడండి. మొత్తం 380 వచ్చిందనుకుందాం: 20తో భాగిస్తే 19, దాన్ని మళ్లీ 139తో భాగిస్తే సుమారు 0.14. అంటే మీ ఫ్రెండ్స్‌లో ఏ ఇద్దరిని జతకట్టినా, నూటికి 14 జతలు ఒకరికొకరు ఫ్రెండ్స్. 2011లో వందమంది ఉన్నవారికి సగటున వచ్చిందీ ఇంతే.

అంకె చిన్నదని అందరూ చెల్లాచెదురుగా ఉన్నారనుకోవద్దు. కాలేజీ గుంపులో దాదాపు అందరికీ అందరూ తెలుస్తారు, బంధువుల గుంపులోనూ అంతే. ఈ రెండింటి మధ్యే ఏ లంకే ఉండదు. గుర్తొచ్చిన పేర్లు రాసుకుంటూ పోతే అన్నీ ఒకే గుంపులోంచి వచ్చి అంకె పెరిగిపోతుంది. అందుకే అక్షరక్రమం.