మెయిలర్ క్లాస్ అవసరమా? కంట్రోలర్‌లోనే మెయిల్ పంపితే సరిపోదా?

రైల్స్‌లో (వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) బుకింగ్ సైట్ చేస్తున్నారు, మెయిళ్ల కోసం విడిగా మెయిలర్ క్లాస్ ఎందుకు, మెయిల్ పంపే నాలుగు లైన్లు కంట్రోలర్‌లోనే (పేజీ రిక్వెస్ట్‌కి జవాబిచ్చే కోడ్) రాస్తే చాలదా అని అడిగారు. చాలదు.

కర్నూలులో ఒక కల్యాణ మండపం సైట్ బాగుచేయమని నన్ను పిలిచారు. ముందు చేసినాయన అచ్చం మీరన్నట్టే రాసిపెట్టాడు. బుకింగ్ సేవ్ కాగానే మెయిల్ సర్వర్‌ని పిలవడం, అది పలికేదాకా పేజీ తిరుగుతూ ఉండటం. శ్రావణమాసం ముహూర్తాల రద్దీలో నంద్యాల నుంచి ఒక పెళ్లికూతురి తండ్రి బుక్ చేశాడు. బుకింగ్ సేవ్ అయింది, మెయిల్ సర్వర్ పలకలేదు, తెర మీద ఎర్రర్ పేజీ. మళ్లీ నొక్కితే ‘ఆ తేదీ ఖాళీ లేదు’ అని వచ్చింది. పొద్దున్నే ఇద్దరు బామ్మర్దుల్ని వెంటేసుకొని వచ్చి, "ఏమప్పా, మా ముహూర్తం ఎవరికి అమ్ముకున్నావ్?" అని ఓనర్ మీదికి పోయాడు. సిస్టమ్ తెరిచి చూస్తే ఆ తేదీకి ఉన్నది ఆయన పేరే! అయినా నమ్మలేదు. కాగితం మీద రసీదు రాయించి, స్టాంపు వేయించుకున్నాకే కదిలాడు.

మెయిల్ రాకపోతే బుకింగ్ ఆగకూడదు, అంతే. మెయిలర్ క్లాస్‌లో రాసి ‘డెలివర్ లేటర్’తో పంపితే ఆ పని క్యూలోకి పోయి తర్వాత వెనకాల జరుగుతుంది, పేజీ వెంటనే తెరుచుకుంటుంది. ‘డెలివర్ నౌ’ అంటే మళ్లీ పాత కథే. క్యూకి డిఫాల్ట్‌గా ఉండే ‘అసింక్’ని నమ్ముకోవద్దు, అది క్యూని మెమరీలోనే ఉంచుతుంది, సర్వర్ రీస్టార్ట్ అయితే అందులో ఉన్న మెయిళ్లన్నీ గల్లంతు. రైల్స్ 8లో సాలిడ్ క్యూ (క్యూని డేటాబేస్‌లో దాచేది) దాంతోపాటే వస్తుంది, అది వాడండి.

మెయిల్లో వెళ్లే లింకుల కోసం హోస్ట్ పేరు (మీ సైట్ అడ్రస్) కూడా సెట్టింగ్స్‌లో పెట్టండి. మెయిలర్‌కి బ్రౌజర్ రిక్వెస్ట్‌తో సంబంధం ఉండదు, మీ డొమైన్ ఏదో దానికి తెలియదు. కోచింగ్ సెంటర్లలో ప్రాజెక్టంతా లోకల్‌హోస్ట్ (ఎవరి కంప్యూటర్లో వాళ్లకే తెరుచుకునే అడ్రస్) మీదే చేయించి సర్టిఫికెట్ ఇచ్చి పంపుతున్నారు, అక్కడి నుంచి వచ్చిన పిల్లలు కస్టమర్ మెయిల్లోనూ లోకల్‌హోస్ట్ లింకే పంపిస్తారు.

ఇక ఓనర్లు. సొంత జీమెయిల్, దాని పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చి "దీంతోనే పంపు" అంటారు. 2022 మే 30 నుంచి గూగుల్ మామూలు జీమెయిల్ అకౌంట్లకు అలా ఒప్పుకోవడం లేదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ (యాప్ కోసం గూగుల్ విడిగా ఇచ్చే పాస్‌వర్డ్) తీసుకోవాలి. ఆ ఓటీపీ కోసం ఫోన్ చేస్తే మాత్రం ఎత్తరు.